పగులు ఎటు వాలింది?

చిలకలపూడిలో రాయి పుట్టదు. బందరు నుంచి గుడివాడ దాకా, అటు దివిసీమ కొస దాకా ఎక్కడ తవ్వినా మన్నూ ఇసుకే. కృష్ణ వేల ఏళ్ళపాటు మోసుకొచ్చి పరిచిన నేల ఇది. వంటింట్లో రుబ్బురోలు, చెరువు రేవులో మెట్లు, రైలుపట్టాల కింద కంకర, అన్నీ ఎక్కడో కొండ మీద పుట్టి బండెక్కో పడవెక్కో వచ్చినవే. ఊళ్ళో కొలువైన పాండురంగడు కూడా, కథ ప్రకారం, నిలబడింది ఇటుక మీద. తల్లిదండ్రుల సేవలో ఉన్న పుండరీకుడు, కాసేపు దీని మీద నిలబడు స్వామీ అని విసిరిన ఇటుక అది. రాయి లేని సీమకు సరిపోయిన దేవుడే.

రాయి దొరకని చోట రాయి మీద నమ్మకం మరీ ఎక్కువ. మట్టిగోడ కరుగుతుంది, తాటాకు కప్పు గాలికి లేస్తుంది, ఇటుక ఉప్పుగాలికి పొట్టు రాలుతుంది. రాయి మాత్రం ఉంటుంది. అందుకే కష్టమొచ్చిన మనిషికి మనం చెప్పే మాట ఒకటుంది: గుండె రాయి చేసుకో. 1864 నవంబరు 1న బందరు మీద ఉప్పెన వచ్చిపడి దాదాపు 30 వేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో 10 వేల మందికి పైగా పోయారు. మిగిలినవాళ్ళు ఎన్నిసార్లు ఈ మాట విని ఉంటారో! మాటలో ఓదార్పు ఉంది, కాదనను. దాని వెనక ఒక లెక్క కూడా ఉంది. బలమంటే పగులు లేకపోవడం. పగలనివాడు గట్టివాడు, పగిలినవాడు బలహీనుడు. ఈ లెక్క రాయి విషయంలోనే తప్పు అని నా వాదన. రాయి దగ్గరే తప్పిన లెక్కను మనిషికి వాడే ముందు ఇంకాస్త ఆలోచించాలి.

రాయి దగ్గరకు వెళ్ళే ముందు మన మన్నునే చూద్దాం. వరి కోసి, మినుము తీశాక ఎండలు ముదిరితే నల్లరేగడి నెర్రెలిస్తుంది. చెయ్యి దూరేంత నెర్రెలు. పైమట్టి వాటిల్లోకి రాలుతుంది. తొలకరికి నేల తడిసి ఉబ్బినప్పుడు లోపలి మన్ను పైకి తోసుకొస్తుంది. రేగడి తనను తాను దున్నుకుంటుందని రైతులు అనేది ఇందుకే. అదే నెర్రె, కాలవ వదిలిన కొత్తలో మొదటి తడినంతా మింగేసి ఆ రైతునే విసిగిస్తుంది. అదే నెర్రె మీద పునాది వేసి ఇల్లు కడితే రెండేళ్ళకు గోడ బీటలు వారుతుంది. ఇంతకీ నెర్రె మంచిదా చెడ్డదా? దానికదిగా ఏదీ కాదు. ఆ నేలతో మనకేం పని అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇది మన్ను సంగతి, మెత్తని వస్తువు గనక చెల్లింది అనుకోవచ్చు. రాయికీ ఇదే చెల్లుతుందా?

మనకు దగ్గరలో ఉన్న రాయి బెజవాడ కొండలు, బందరుకు 70 కిలోమీటర్లు. ఆ రాయిని ఖోండలైట్ అంటారు. ఒడిశా, ఆంధ్ర కొండల్లో ఉండే ఖోండుల పేరు మీద పెట్టిన పేరు. అంతకుముందు దీన్నే బెజవాడ నైస్ అనేవారు. ఎప్పుడో భూమి లోతుల్లో కాలి, నలిగి, పొరలు పొరలుగా తయారైన రాయి. పైనున్న బరువు కోట్ల ఏళ్ళలో అరిగిపోయేకొద్దీ, అణిచిపెట్టిన చెయ్యి తీసేసినట్టు, రాయి కొంచెం కొంచెం ఒళ్ళు విరుచుకుంది. అలా విరుచుకున్నప్పుడు పగిలింది. కొన్ని పగుళ్ళు పొరల వెంబడి, కొన్ని అడ్డంగా, కొన్ని కొండ వాలుకు సమాంతరంగా. ఇది బెజవాడ కొండల లోపం కాదు. పగుళ్ళు లేని కొండ భూమ్మీద ఎక్కడా లేదు.

పగులు వల్ల బలం ఎంత తగ్గుతుందన్నది చాలాకాలం తెలియని చిక్కు. గాజులో అణువులు ఒకదాన్నొకటి పట్టుకున్న బలాన్ని లెక్కగడితే అది తెగాల్సిన బరువు ఒకటి వస్తుంది. నిజంగా లాగి చూస్తే అందులో ఎన్నో వంతుకే తెగిపోతుంది. 1913లో చార్లెస్ ఇంగ్లిస్ అనే ఇంజనీరు లెక్కగట్టి ఒక విషయం చూపించాడు. లాగుడు పడే రేకులో కోడిగుడ్డు ఆకారంలో బెజ్జం ఉందనుకోండి. లాగే దిశకు అడ్డంగా ఉన్న ఆ బెజ్జం పొడవు, వెడల్పుకు 10 రెట్లుంటే, దాని కొసన పడే ఒత్తిడి మామూలు చోట పడేదానికి 21 రెట్లు. కొస ఎంత వాడిగా ఉంటే అంత ఎక్కువ. 1920లో ఏ.ఏ. గ్రిఫిత్ దీన్ని పగుళ్ళకు అన్వయించాడు. కంటికి కనపడని సన్నని గాట్లే గాజు బలాన్ని తినేస్తున్నాయన్నాడు. గాజును సన్నని పోగులుగా లాగి తెంపి చూశాడు. అతి సన్నని పోగు, అదే మందానికి లెక్కేస్తే, లావు కడ్డీ కంటే దాదాపు 20 రెట్లు గట్టిగా నిలిచింది. సన్నని పోగులో పెద్ద గాటుకు చోటుండదు గదా! పగులు పాకుతుంటే దాని కొసన చిన్న గుండ్రని బెజ్జం వేసి ఆపే మెకానిక్‌కు ఈ పేర్లు తెలియకపోయినా సూత్రం తెలుసు. వాడి పోగొడితే పగులు ఆగుతుంది.

ఇంతవరకు వింటే పాత లెక్కే నిజమనిపిస్తుంది. పగులుంటే బలం తగ్గింది. నిజమే, కానీ ఇది లాగినప్పటి సంగతి. రాయి లాగుడుకు మొదట్నుంచీ అలవాటు పడలేదు. నొక్కితే మోసే బరువులో సుమారు పదో వంతుకే లాగితే తెగుతుంది. మన గుళ్ళ మండపాల్లో స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఉండేది అందుకే. పైన అడ్డంగా పరిచిన రాతిదూలం వంగితే దాని అడుగున లాగుడు పడుతుంది. స్తంభాల మధ్య దూరం పెంచితే దూలం అడుగు నుంచి పగులుతుంది. ఆ కట్టినవాళ్ళు రాయిని బలహీనమని తిట్టుకోలేదు. దాని మీద ఏ రకం బరువు వెయ్యకూడదో తెలుసుకుని స్తంభాలు దగ్గరగా నాటారు.

నొక్కుడు దగ్గర పగులు వేరేగా ప్రవర్తిస్తుంది. రెండు ముఖాలూ ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి. వాటి గరుకు ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. పగిలిన రాయి పగలని రాయిలాగే బరువు మోస్తుంది. అది జారేది ఒక్క సందర్భంలోనే. బరువు పగులు వెంబడి తోసినప్పుడు, జారడానికి ఎదర ఖాళీ ఉన్నప్పుడు. పేకముక్కల కట్టను పీట మీద పెట్టి పైనుంచి నొక్కండి, ఏమీ కాదు. పీటను ఒక పక్కకు వంచండి, ముక్కలు జారి కింద పడతాయి. ముక్కలు అవే, వాటి మధ్య సందులూ అవే. మారింది వాలు ఒక్కటే. కొండా అంతే. పగుళ్ళు కొండ లోపలికి వాలి ఉంటే వందల ఏళ్ళు నిలబడుతుంది. అవే పగుళ్ళు బయటికి, రోడ్డు వైపుకో ఇళ్ళ వైపుకో వాలి ఉండి, కింద ఆనుకున్న రాయిని మనం తొలిచేస్తే, అదే రాయి జారుతుంది. రాయి బలం మారలేదు. మనం ఏ వైపు నుంచి కోశామన్నది మారింది.

దీనికి నీళ్ళు తోడైతే మరీ. పగులు నిండా వాననీరు నిలిచిందనుకుందాం. 10 మీటర్ల లోతు నీరు అడుగున చదరపు మీటరుకు 10 టన్నుల ఒత్తిడి పెడుతుంది. ఆ నీరు బావిలో ఉన్నా అంతే, కాగితం మందం పగులులో ఉన్నా అంతే. నీటి ఒత్తిడి లోతును బట్టి గానీ వెడల్పును బట్టి కాదు. వేసవిలో వేలు కూడా దూరని పగులు, కుండపోత వానలో ఒక బావి పక్కటెముకల్లోకి తోసినంత బలంగా బండను బయటికి నెడుతుంది. కొండ పక్కన కట్టే గోడలకు అడుగున నీరు పోయే తూములు పెట్టడం ఇందుకే. గోడ ఎంత మందమన్నది తర్వాతి మాట. నీటికి దారి ఉందా లేదా అన్నది ముందు.

2020 అక్టోబరు 21న, దసరా రోజుల్లో, ఇంద్రకీలాద్రి మీద కొండచరియలు విరిగిపడ్డాయి. 2024 ఆగస్టు 31న భారీ వానకు బెజవాడ మొగల్రాజపురం సున్నపుబట్టీల సెంటర్ దగ్గర కొండ బండలు ఇళ్ళ మీద పడి మనుషులు చనిపోయారు. మర్నాడే బుడమేరు ఊళ్ళోకి రావడంతో ఆ చావుల మాట వరద వార్తల కింద పడిపోయింది. ఇలాంటప్పుడు ఎప్పుడూ వినపడే మాట ప్రకృతి వైపరీత్యం అని. పగులు సహజం, వాన సహజం. ఇక తప్పు ఎవరిది? ఎవరిదీ కాదు.

ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. దాన్ని గట్టిగా పరీక్షించిన కేసు ఒకటుంది. దక్షిణ ఫ్రాన్సులో ఫ్రెజూ అనే ఊరికి పైన మల్‌పాసే డ్యాం ఉండేది. పల్చటి వంపు గోడ, ఆ రోజుల్లో పేరున్న ఇంజనీరు ఆంద్రే క్వాన్ నమూనా. 1959 డిసెంబరు 2 రాత్రి తెగింది. 400 మందికి పైగా చనిపోయారు. కాంక్రీటులో లోపం కనపడలేదు. డ్యాం ఎడమ భుజం ఆనుకున్న కొండలో, నైస్ రాతి పొరల వెంబడి ఒక పగులు, దానికి ఎదురుగా ఇంకొక చీలిక, రెంటి మధ్య చీలలా ఇరుక్కున్న పెద్ద రాతి ముక్క. జలాశయం నిండేకొద్దీ నీరు ఆ పగులులోకి దిగి ఆ ముక్కను ఎత్తేసింది. ఏళ్ళ తరబడి కేసులు నడిచాయి. చివరికి ఏ ఒక్కరి తప్పూ తేలలేదు. అప్పటి జ్ఞానంతో చేయాల్సినవన్నీ చేశారనే భావించారు.

ఆ తీర్పు సరైనదేనని నాకనిపిస్తుంది. తెలియనిదానికి మనిషిని శిక్షించలేం. కానీ ఆ తీర్పు ఒక్కసారే చెల్లుతుంది. మల్‌పాసే తర్వాత ఆ తెలియకపోవడం మిగల్లేదు. 1962లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో లియోపోల్డ్ ముల్లర్ పూనికతో శిలాయాంత్రిక శాస్త్రానికి అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. వాళ్ళు పదేపదే చెప్పిన మాట ఒక్కటే: ప్రయోగశాలలో నలగగొట్టిన రాయి వేరు, కొండ వేరు. కొండలో బెజ్జం వేసి తీసిన రాతికడ్డీ ముక్కలు ముక్కలుగా వస్తుంది. అందులో పగలకుండా మిగిలిన మంచి ముక్కను ఏరి పరీక్షిస్తే గొప్ప అంకె వస్తుంది. ఆ అంకె మిగిలిన ముక్కది, కొండది కాదు. అందుకే 1960లలో డొనాల్డ్ డీర్ ఒక తేలిక పద్ధతి పెట్టాడు. తీసిన కడ్డీ మొత్తంలో 10 సెంటీమీటర్ల కంటే పొడుగున్న ముక్కలు ఎంత శాతమో చూడండి అన్నాడు. గట్టి ముక్క ఎంత గట్టిది అని కాదు, ఎంత మిగిలింది అని. 1970లలో వచ్చిన కొలతలు ఇంకా ముందుకెళ్ళి పగుళ్ళ గరుకు, నీరు, వాలు కూడా లెక్కలోకి తెచ్చాయి.

అంటే పగులు సహజమన్నది ఇప్పుడు సాకు కాదు. పగుళ్ళు సహజం గనకే, ప్రతి కొండలోనూ ఉంటాయని తెలుసు గనకే, చూడకుండా కొండ అడుగు తొలిచినవాడికి, తొలవనిచ్చినవాడికి జవాబుదారీ ఉంటుంది. కనపడకుండా ఉన్న పగులు మీద బరువు పెట్టడం దురదృష్టం. ఉంటుందని తెలిసీ వెతక్కుండా పెట్టడం వేరే పేరుతో పిలవాల్సిన పని.

ఇక్కడ ఒకరు అడ్డు చెప్పొచ్చు. కొండ కింద ఇల్లు వేసుకున్నవాళ్ళకు తెలియదా? ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నారు, రాళ్ళు రాలడం చూస్తూనే ఉన్నారు. తెలుసు. బహుశా ఏ ఇంజనీరు కంటే బాగా తెలుసు. ఏ వానకు ఏ బండ కదులుతుందో, రాత్రిపూట ఏ చప్పుడు వస్తే పిల్లల్ని లేపుకుని బయటికి పరిగెత్తాలో వాళ్ళకు తెలుసు. తెలియడం వేరు, వేరే చోట ఉండగలగడం వేరు. ఊరి నడుమ పని, ఊరి నడుమ సెంటు కొనలేని సంపాదన, ఈ రెంటి మధ్య ఇరుక్కున్న మనిషి కొండ ఎక్కుతాడు. ఆ ఎక్కడాన్ని ఇష్టపడి చేసిన ఎంపిక అంటే, పీట వంచినవాణ్ణి వదిలేసి జారిన పేకముక్కను తప్పుపట్టినట్టే.

ఇంకొక అడ్డు కూడా ఉంది, అది నాకే తోచింది. బలహీనత అంతా బరువును బట్టి, వాలును బట్టి ఉంటుందంటే, ఇక బలహీనమైన రాయి అంటూ ఉండదా? ఉంటుంది. ఖోండలైటే వానకు ఎండకు పుచ్చిపోయి కొన్ని చోట్ల చేత్తో నలిపితే పొడి అవుతుంది. దాన్ని ఏ వైపు నుంచి చూసినా గట్టిదనలేం. రాళ్ళలో తేడాల్లేవని నేననడం లేదు. ఒక రాయి విరిగాక, కేవలం విరిగిందన్న ఒక్క కారణంతో, అది మెత్తని రాయి అని తేల్చేయడం కుదరదంటున్నాను. గట్టి రాయీ విరుగుతుంది. వాలు తప్పి, బరువు ఎక్కువై, నీటికి దారిలేక విరుగుతుంది.

మనిషి దగ్గరకు వద్దాం. డెల్టాలో చాలా పొలం దున్నేది కౌలుదారు. కౌలు ఎకరానికి ఇన్ని బస్తాలని మాట మీదే. కాగితం ఉండదు. కాగితం లేదు గనక బ్యాంకు అప్పు దొరకడం కష్టం, పంట పోతే వచ్చే పరిహారం చాలాసార్లు పొలం ఎవరి పేర ఉంటే వారికి. 2011లో కౌలుదార్ల కోసం గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. రెండోదానికి భూమి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమానికి భయం. అందుకని బయటి వడ్డీ. నవంబరులో కోతకొచ్చిన వరి మీద తుఫాను పడితే ధాన్యం పనలోనే మొలకెత్తుతుంది. కౌలు బస్తాలు మాత్రం తగ్గవు. ఇవన్నీ వేరు వేరు దిక్కుల నుంచి వచ్చే బరువులు కావు. ఒకే వైపు నుంచి, ఒకే పగులు వెంబడి తోస్తాయి. లోపల వడ్డీ, పగులులో వాననీరులా, రోజూ కాస్త లోతు పెంచుకుంటూ పోతుంది.

ఆ మనిషి ఒకరోజు ప్రాణం తీసుకుంటే ఊరు ఏమంటుంది? తట్టుకోలేకపోయాడు అంటుంది. గుండె నిబ్బరం లేదంటుంది. పక్కవాడికి ఇంతకంటే అప్పుంది, వాడు బతకట్లేదా అంటుంది. పక్కవాణ్ణి చూపించడం, కడ్డీలోంచి పగలని ముక్కను ఏరి కొండ గట్టిదని చెప్పడమే. పక్కవాడికి బహుశా సొంత ఎకరం ఉంది. బహుశా హైదరాబాదులో కొడుకున్నాడు. నీటికి ఎక్కడో తూముంది. తట్టుకోలేకపోయాడన్నది సగం వాక్యం. దేన్ని, ఎటు నుంచి, ఎంత కాలం అన్న మిగతా సగం రాస్తే అందులో మన పేర్లు కూడా వస్తాయి. ఆ సగాన్ని మింగేయడం మనకు సుఖం.

పగిలినదంతా పనికిరానిదన్న మాట కూడా అబద్ధమే. నాగార్జునసాగర్ డ్యాం 124 మీటర్ల ఎత్తున నిలబడింది పగలగొట్టిన రాళ్ళను పేర్చి, సిమెంటుతో అతికి. అతుకు మీద అతుకు పడకుండా పేర్చడం తాపీ పనిలో మొదటి పాఠం. అతుకులు ఒకే గీతలోకి వస్తే గోడ ఆ గీత వెంబడి చీలుతుంది. వేల అతుకులున్న గోడ, అవి ఒకే వైపుకు చేరకుండా చూసినందుకు నిలుస్తుంది. మంగినపూడి పక్కన బందరు పోర్టు కోసం సముద్రంలోకి చేపట్టిన బ్రేక్‌వాటర్ల సంగతీ అలాంటిదే. రాళ్ళు కుప్పగా పోసి కట్టిన గట్టులో అల సందుల్లోకి దూరి, ముక్కలై, బలం పోగొట్టుకుంటుంది. సందులే లేని నిలువు గోడైతే అల దెబ్బంతా తనే కాయాలి. పగుళ్ళను అక్కడ మనమే ఏర్పాటు చేసుకున్నాం, అల బలాన్ని పంచడానికి. దివిసీమ ఉప్పెన తర్వాత మనుషులు మిగిలింది గుండెలు రాళ్ళయినందుకేనని నేననుకోను. బరువు పది మంది మీద పడినందుకు, ఒకరి ఏడుపు ఇంకొకరు విన్నందుకు మిగిలారు.

అంచేత గుండె రాయి చేసుకో అని చెప్పేవాళ్ళు ఆ పక్కనే కూర్చుని కాస్త బరువు కూడా పంచుకుంటే ఆ మాటకు అర్థముంటుంది. లేకపోతే అది, పగులు నీది, మాకు సంబంధం లేదని చెప్పడమే. అప్పు తీర్చలేకపోవచ్చు. కౌలు కాగితం మీద సంతకం పెట్టడం మాత్రం పొలమున్న వాళ్ళ చేతిలో ఉంది. పంట పోయిన ఏడు బస్తాలు తగ్గించడమూ వాళ్ళ చేతిలోనే ఉంది.

కొండ వాలును పరిశీలించడానికి వెళ్ళే భూగర్భ ఇంజనీరు మొదట తీసేది సుత్తి కాదు, దిక్సూచి. దొరికిన ప్రతి పగులు దగ్గరా ఆగి, అది ఎటు వాలింది, ఎంత వాలింది, తడి ఉందా, దాని ఎదర ఏముంది అని పుస్తకంలో రాసుకుంటాడు. రోడ్డుందా, ఇల్లుందా, ఖాళీయా అని. రాయి ఎంత గట్టిదన్న ప్రశ్న ఆ పుస్తకంలో చాలా పేజీల తర్వాత వస్తుంది.